కావడి మోసే భుజం వెనుక కోట్ల ఏళ్ల కథ

కొండవాలు గ్రామాల నుండి బంధుగాం సంతకు సరుకు దించే రైతు భుజాన కావడి ఉంటుంది. తెలుగులో కావడి, ఒడియాలో భార. పేరేదైనా ఆ బద్ద ఆనేది మెడకూ భుజం చివరకూ నడుమనున్న వాలులోనే. చింపాంజీకి భుజాలు చెవుల దాకా ఎగదన్నుకొని ఉంటాయి. దానికి కావడి ఇచ్చినా బద్ద నిలిచే చోటు లేదు.

మానవుడు కోతి నుండి పుట్టాడని చాలామంది అనుకుంటారు. ఇంటి పెంకులు పీకే కోతి మన పూర్వికుడు కాదు. కోతులకూ, చింపాంజీ వంటి తోకలేని వానరాలకూ ఉమ్మడి పూర్వికులు సుమారు 2.5 నుండి 3 కోట్ల ఏళ్ల కిందట ఉండేవారు. అక్కడి నుండి దారులు వేరైనాయి. మన దారి వానరాల వైపుది.

కోతి కొమ్మ మీద నాలుగు కాళ్లతో నడుస్తుంది. అందుచేత దాని ఛాతీ కుక్క ఛాతీ వలె అటూ ఇటూ ఇరుకు, ముందు వెనుకలకు లోతు. రెక్క ఎముక, అనగా అంసఫలకం, ఛాతీకి పక్కన ఉంటుంది. వానరాలు కొమ్మ కింద వేలాడడం, చేతులెత్తి పైకి ఎక్కడం అలవరచుకున్నాయి. ఛాతీ వెడల్పయింది, అంసఫలకం వీపు మీదికి జరిగింది, వైద్యులు కాలర్ బోన్ అనే జత్రుక పొడవు పెరిగింది. ఈ మూడూ కలిసినందువల్లనే మనమూ చెయ్యెత్తి మామిడికాయ కోయగలుగుతున్నాము.

అయితే వానరాల భుజపు కీలు గుంట పైకి చూస్తుంది, మనది పక్కకు. ఈ మార్పు ఎప్పుడు జరిగిందన్నదానికి ఇథియోపియాలోని దికికాలో 2000లో దొరికిన 'సెలామ్' అనే పసిబిడ్డ శిలాజం కొంత జవాబు చెప్పింది. దాని వయసు 33 లక్షల ఏళ్లు. కాళ్లు నేల మీద నడిచేవి, అంసఫలకం మాత్రం వానరాన్ని పోలినది. అంటే కాళ్లు ముందుగా మారాయి, భుజం ఆలస్యంగా మారింది. కెన్యాలో 1984లో బయటపడిన, సుమారు 15 లక్షల ఏళ్ల నాటి తుర్కానా బాలుని భుజం మన భుజానికి చాలా దగ్గర. రాయి, ఈటె బలంగా విసరడానికి ఈ అమరిక తోడ్పడిందని 2013లో నీల్ రోచ్ బృందం వాదించింది. దీనిని అందరూ ఒప్పుకోలేదు.

మన దేశానికీ ఈ కథలో చోటుంది. మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున హథ్నోరా వద్ద 1982లో అరుణ్ సొనాకియా ఒక పురాతన మానవుని కపాల భాగాన్ని కనుగొన్నారు. అదే చోట దొరికిన జత్రుకను అనేక్ రామ్ సంఖ్యాన్ 1997లో వివరించారు. కపాలం పెద్దది, జత్రుక మాత్రం చాలా పొట్టిది. రెండూ ఒకే జాతి మనుషులవా అన్న తగవు ఇంకా తీరలేదు.

ఎటు కావాలంటే అటు తిరిగే ఈ భుజానికి మూల్యమూ ఉంది. తొడ ఎముక తల తుంటిలోని లోతైన గుంటలో కూర్చుంటుంది. భుజాస్థి తల మాత్రం లోతులేని మూకుడులో పెట్టిన పెద్ద ఉసిరికాయ వలె ఉంటుంది. దానిని పట్టి ఉంచేవి కండరాలూ, నరాల పట్టీల వంటి బంధకాలూ మాత్రమే. శరీరంలోని పెద్ద కీళ్లలో ఎక్కువగా తప్పేది భుజమే. జీలుగు చెట్టు నుండి చెయ్యి ఆన్చి పడితే భుజం తప్పవచ్చు, జత్రుక విరగవచ్చు. పైకి రెండు దెబ్బలూ ఒక్కలాగే కనిపించవచ్చు. కీలు పక్కనే నరమూ, రక్తనాళాలూ పోతాయి. ఎవరో ఒకరు పట్టి లాగితే అవి తెగవచ్చు, నలగవచ్చు. చేతిని ఛాతీకి ఆనించి కండువాతో కట్టి, కోరాపుట్ వైపో పార్వతీపురం వైపో, ఎక్స్‌రే తీసే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా ఆ సంగతి వైద్యునికి ముందుగానే చెప్పాలి.