పాలకన్నా ముందు వెచ్చదనం

వేసవి వస్తే తమిళనాడు వాతావరణ వార్తల్లో తిరుత్తణి పేరు తరచూ వినిపిస్తుంది. 40 డిగ్రీలు అక్కడ మామూలే. అలాంటి తిరుత్తణి పక్కన, కే.జీ.కండిగైలో, తల్లిలేని పిల్లికూన చలికి చచ్చిపోతుందంటే నమ్మబుద్ధి కాదు. చలికాలపు మార్గళి నెల తెల్లవారుజామున సిమెంటు గచ్చుమీద అరచెయ్యి ఆనించి చూస్తే నమ్ముతాం.

పుట్టిన కూన 100 గ్రాములు తూగితే గొప్ప. కళ్లు తెరుచుకోవు, చెవులు వినబడవు. మొదటి వారం దానికి వణకడం కూడా చేతకాదు. వణుకంటే కండరాలు వేడి పుట్టించుకోవడమే గనుక, ఆ వేడంతా తల్లి పొట్ట నుంచే రావాలి. చుట్టూ కనీసం 30 డిగ్రీలు లేకపోతే ఒళ్లు చల్లబడిపోతుంది.

మనవాళ్లేమో కూన కనబడగానే ఆవుపాలకు పరుగెత్తుతారు. చల్లబడ్డ ఒంట్లో పేగులు సరిగా కదలవు, పాలు అరగవు. మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. ముందు అట్టపెట్టెలో ఒక మూల, గుడ్డ చుట్టిన ఉడుకునీళ్ల సీసా పెట్టాలి. రెండో మూల ఖాళీగా వదలాలి, వేడెక్కువైతే పాక్కుంటూ పోవడానికి. మే నెలలో రేకుల ఇంట్లో అయితే సీసా ఊసే వద్దు, నీడ చూడండి.

ఒళ్లు వెచ్చబడ్డాకే పాలు. ఆవుపాలలో మాంసకృత్తులు పిల్లిపాలలో సగం కూడా ఉండవు. టారిన్ అనే పోషకం మరీ తక్కువ. అది లోపిస్తే పిల్లికి కంటి లోపలి పొర (రెటీనా) దెబ్బతింటుందని 1975లో, గుండె బలహీనపడుతుందని 1987లో శాస్త్రవేత్తలు చూపారు. అందుకే పిల్లికూనల పాలపొడి కొనాలి. రెండు మూడు గంటలకోసారి, బోర్లా ఉంచే పట్టాలి; చంటిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టకూడదు.

చాలామందికి తెలియనిది మరొకటుంది. మూడు వారాలదాకా కూన తనంతట తాను మూత్రం పోయలేదు. తల్లి నాకితేనే పోస్తుంది. తల్లి లేనప్పుడు, పాలు పట్టిన ప్రతిసారీ తడి దూదితో తోక కింద మెల్లగా రుద్దాలి.

ఇంతకీ అది నిజంగా అనాథేనా? తల్లి పిల్లల్ని ఒక్కొక్కటిగా చోటు మారుస్తుంది. కూన వెచ్చగా, సద్దు చేయకుండా ఉంటే కొన్ని గంటలు దూరంగా ఉండి చూడొచ్చు. చెరుకుతోటలో దొరికితే అడవిపిల్లి కూన కావచ్చు. 1972 వన్యప్రాణి చట్టం రక్షణ దానికుంది. ఇంటికి తేకుండా అటవీశాఖకు చెప్పాలి.

పెంపకం మనమీద పడితే రోజూ తూచాలి. రోజుకు సుమారు 10 గ్రాములు పెరగాలి. ఒక్కరోజు పెరగకపోయినా పశువుల డాక్టరు దగ్గరికి, వేడిసీసాతో సహా, పెట్టెనే తీసుకెళ్లాలి.