గేరు రాడ్డుకు గ్రీజు ఎక్కడ పెట్టాలి

కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలో దుమ్ము ఒక రకం కాదు. చిలంకూరు వైపు సిమెంటు దుమ్ము. నిడుజువ్వి దగ్గర నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే చోట రాతిపొడి. కలమళ్ల దగ్గర 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి లారీల్లో తరలిపోయే బూడిద. ఈ మూడూ కలిసిన రోడ్డు మీద రోజూ మోటార్ సైకిల్ నడిపేవాళ్లకు బెంగంతా ఇంజను గురించే. ఇంజనుకు ఎయిర్ ఫిల్టరైనా కాపలా ఉంది. ఎడమ పాదం పక్కన రోజంతా దుమ్ములో కదిలే గేరు రాడ్డుకు ఉన్న కాపలా చిన్న రబ్బరు బూటు ఒక్కటే.

కాలితో గేరు మార్చడం మొదటి నుంచీ ఉన్న పద్ధతి కాదు. తొలినాళ్లలో గేరు కర్ర పెట్రోలు ట్యాంకు పక్కన ఉండేది. మార్చాలంటే హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తియ్యాలి. కాలి పెడలు పెట్టి చూశారు గానీ, ఎంత తొక్కితే ఎన్నో గేరు పడుతుందో పాదమే అంచనా వేసుకోవాల్సి వచ్చేది. 1920ల చివర్లో బర్మింగ్‌హామ్‌లోని వెలోసెట్ కంపెనీలో ఇంజనీరుగా, రేసరుగా ఉన్న హెరాల్డ్ విల్లిస్ ఈ చిక్కు విప్పాడు. ఆయన పెట్టిన రాట్చెట్ ఏర్పాటులో ఎంత గట్టిగా తొక్కినా ఒక్క గేరే మారుతుంది. పాదం తియ్యగానే స్ప్రింగు లివరును నడిమికి లాగేస్తుంది, లోపలి కొక్కెం తర్వాతి గేరు కోసం సిద్ధంగా ఉంటుంది. గేరు బళ్లన్నీ దాదాపుగా ఇప్పటికీ విల్లిస్ దారిలోనే నడుస్తున్నాయి.

మన దేశంలో లివరు చాలా చోట్లు మారింది. మద్రాసులో తయారైన పాత బుల్లెట్లకు కుడివైపు ఉండేది. మైసూరు యెజ్డీలో గేరు లివరే కిక్కు రాడ్డుగా కూడా పనిచేసేది. ఎంత ముచ్చటైన ఆలోచన! స్ప్లెండర్ లాంటి బళ్లలో లివరు నేరుగా గేరు షాఫ్టు పళ్ల మీదే కూర్చుంటుంది, మధ్యలో రాడ్డు లేదు. పాదాలు వెనక్కి పెట్టుకుని కూర్చునే బళ్లు వచ్చాక లివరుకూ షాఫ్టుకూ దూరం పెరిగింది. ఆ దూరాన్ని కలపడానికి వచ్చిందే రాడ్డు. దాని రెండు కొసల్లోనూ గుండు కీళ్లు, అంటే బాల్ జాయింట్లు. ఒక కొసకు కుడి మర, రెండో కొసకు ఎడమ మర ఉంటుంది కాబట్టి, లాక్ నట్లు వదులు చేసి రాడ్డును తిప్పితే పొడవు మారుతుంది, లివరు పాదానికి తగిన ఎత్తులో కుదురుతుంది.

ఆ కీలు బిగుసుకుంటే ముందు దెబ్బతినేది లివరు వెనక్కి రావడమే. తొక్కేటప్పుడు పాదానికి బలం ఉంది, కీలు ఎంత మొరాయించినా కదులుతుంది. వెనక్కి తేవాల్సింది మాత్రం లోపలి చిన్న స్ప్రింగు. అది కీలు బిగువును గెలవలేకపోతే లివరు నడిమికి చేరదు, కొక్కెం తర్వాతి పన్నును అందుకోదు. రెండోసారి తొక్కితే గేరు పడదు, లేదా రెండు గేర్ల మధ్య బండి ఊరికే రొద పెడుతుంది. అప్పుడు క్లచ్ ప్లేట్లు పోయాయనో, గేరుబాక్సు విప్పాలనో అనుకుంటారు. రాడ్డు రెండు కొసల్నీ తుడిచి చూడకుండా ఇంజను విప్పడానికి ఒప్పుకోకూడదు.

గ్రీజంటే నూనెను పట్టి ఉంచిన సబ్బు. సబ్బు పోగుల మధ్య ఇమిడిన నూనె, ఒత్తిడి పడినప్పుడు కొద్దికొద్దిగా బయటికొచ్చి లోహాల మధ్య పొరగా నిలుస్తుంది. 1942లో అమెరికాలో క్లారెన్స్ ఎర్ల్ పేటెంటు పొందిన లిథియం గ్రీజు నేటికీ షెడ్లలో ఎక్కువగా కనిపించే రకం. అది కరిగి కారాలంటే 180 డిగ్రీల దాకా వేడెక్కాలి. కడప ఎండకు అది జారిపోతుందనుకోవడం తప్పు. దాని శత్రువు దుమ్ము.

ఆ దుమ్ములోనూ తేడాలున్నాయి. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలబద్ద మీద నాపరాయి లాంటి సున్నపురాయిలోని కాల్సైట్ 3 దగ్గర ఉంటే, ఇసుకలోనూ బొగ్గు బూడిదలోనూ ఉండే క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటుంది. మామూలు ఉక్కు ఈ రెంటికీ నడుమ. అంటే రాతిపొడి కంటే బూడిదే కీలును ఎక్కువ గీస్తుంది. సిమెంటు దుమ్ము తీరు వేరు. వాటర్ సర్వీసులో గట్టి ధారతో కొడితే ఆ నీరు దాన్ని కీలు సందుల్లోకి తోసి, అక్కడే గట్టిపడేలా చేస్తుంది.

అందుకే ఎర్రగుంట్లలో రాడ్డు మీద పైపైన గ్రీజు పూయకూడదంటాను. బయట మెరిసే గ్రీజు దుమ్మును పట్టుకుని రుబ్బుడు ముద్దగా మారుతుంది, అది కీలులోకి దిగితే గ్రీజు లేకపోవడం కంటే నష్టం. ముందు పొడిగుడ్డతో తుడవాలి. బూటు వెనక్కి లాగి, పాత ముద్దను కొద్దిగా కిరోసిన్ తడిపిన బ్రష్షుతో తీసేసి, ఆరాక గుండు చుట్టూ కొత్త గ్రీజు కొద్దిగా పెట్టి, బూటు సర్దాలి. బయటికొచ్చినదంతా తుడిచెయ్యాలి. లివరు తిరిగే ఇరుసుకూ ఇదే పద్ధతి. బూటు చిరిగితే గ్రీజు కంటే ముందు బూటు మార్చాలి.

డబ్ల్యూడీ-40 కొడితే చాలదా అంటారు. 1953లో దాన్ని రూపొందించింది నీటిని తోసెయ్యడానికి. బిగుసుకున్న కీలును వదిలించడానికి పనికొస్తుంది గానీ, గ్రీజులా ఎక్కువ రోజులు నిలవదు. కొట్టాక తుడిచి గ్రీజు పెట్టాల్సిందే.

షాఫ్టును రాడ్డుతో కలిపే చెయ్యిని (ఆర్మ్) తియ్యాల్సి వస్తే, విప్పకముందే షాఫ్టు కొస మీదా, చెయ్యి మీదా ఎదురెదురుగా పెయింటు చుక్కలు పెట్టుకోవాలి. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా లివరు ఎత్తు మారిపోతుంది.