12 మిల్లీలీటర్ల మందు, 35వ సెకను

కాలేయానికి రక్తం రెండు దారుల్లో అందుతుంది. సుమారు 75 శాతం పేగుల వైపు నుంచి పోర్టల్ సిర తెస్తుంది, మిగతా 25 శాతం కాలేయ ధమని ఇస్తుంది. కాలేయంలోనే పుట్టే క్యాన్సర్ గడ్డ పెరిగేకొద్దీ ఈ లెక్క తారుమారవుతుంది: అది బతికేది దాదాపుగా ధమని రక్తం మీదే. డైనమిక్ ఎమ్మారై పట్టుకునేది ఈ తేడానే. అందుకు కాస్త మందు కావాలి, అంతకన్నా ఎక్కువగా గడియారం కావాలి.

మందు అంటే గాడోలినియం అనే లోహాన్ని మరో అణువు గుప్పిట్లో బంధించిన ద్రవం. ఎక్కువ మందుల మోతాదు కిలో బరువుకు 0.1 మిల్లీమోల్. మామూలు గాఢతలో 60 కిలోల మనిషికి 12 మి.లీ.; అందులోని లోహం గ్రాముకు కాస్త తక్కువ. సెకనుకు 2 మి.లీ. చొప్పున ఎక్కిస్తే 6 సెకన్లలో పని అయిపోతుంది. వెనకే సెలైన్ నెడతారు.

సీటీ స్కానులో వాడే అయోడిన్ మందు వేరు. అది ఎక్స్‌రేను అడ్డుకుని తానే కనిపిస్తుంది. గాడోలినియం అలా కనిపించదు. జత కుదరని దాని 7 ఎలక్ట్రాన్లు దగ్గర్లోని నీటి హైడ్రోజన్ కేంద్రకాలను త్వరగా కుదుటపరుస్తాయి. బొమ్మలో తెల్లగా మెరిసేది ఆ నీరే.

ఇక గడియారం. మందుకు ముందే ఒక బొమ్మ తీసి పెట్టుకుంటారు. మందు ఎక్కిన సుమారు 35 సెకన్లకు ధమని దశ: గడ్డ మెరుస్తుంది, చుట్టూ కాలేయం ఇంకా మసకగానే ఉంటుంది. 70 సెకన్ల దగ్గర కాలేయమంతా తెల్లబడుతుంది, గడ్డలోంచి మందు జారిపోతూ నల్లబడుతుంది. 3 నుంచి 5 నిమిషాలకు తీసే బొమ్మలో ఇది ఇంకా తేటపడుతుంది. రిపోర్టులో ‘వాషవుట్’ అని రాసేది ఈ జారుడినే. సిర్రోసిస్ ఉన్నవారిలో 10 మి.మీ.కు తగ్గని గడ్డ ఈ రెండు గుర్తులూ చూపితే, చాలాసార్లు బయాప్సీ లేకుండానే క్యాన్సరని నిర్ధారిస్తారు. హానిలేని రక్తనాళాల గడ్డ హిమాంజియోమా నడక వేరు: అంచుల నుంచి లోపలికి మెల్లగా నిండుతుంది, నిండాక మెరుస్తూనే ఉంటుంది.

ప్రతి దశకూ 15–20 సెకన్లు ఊపిరి బిగపట్టాలి. టెక్నీషియన్ గద్దించేది అందుకే. 35వ సెకనులో కదిలితే ఆ బొమ్మ పోయినట్టే, వెంటనే మళ్లీ మందు ఎక్కించడం కుదరదు.

రొమ్ము స్కానులోనూ గడియారమే, కానీ తీర్పు అంత సూటిగా ఉండదు. 1999లో జర్మనీలో క్రిస్టియానే కూల్ బృందం 266 గడ్డలను పరిశీలించింది. క్యాన్సర్లలో 57 శాతం మందును త్వరగా పీల్చి త్వరగా వదిలేశాయి. మామూలు గడ్డల్లో అలా చేసినవి 5.5 శాతమే. అయితే సుమారు 9 శాతం క్యాన్సర్లు మామూలు గడ్డల్లాగే నిదానంగా మెరిశాయి. మందు ఎక్కి దిగే తీరు చూపే గ్రాఫ్ ఒక్కటే చూసి ధైర్యం చెప్పే రిపోర్టును నేనైతే నమ్మను.

కిడ్నీలు బాగుంటే రక్తంలోని మందు గంటన్నరకోసారి సగమవుతుంది. 6 గంటలకు పదహారో వంతు మిగులుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో అది నిలిచిపోయి, చర్మం బిగుసుకుపోయే జబ్బు తెస్తోందని 2006లో తేలింది. ముఖ్య కారణం లోహాన్ని వదులుగా పట్టుకునే పాత తరహా మందులే. వాటిలో చాలావాటిని 2017లో యూరప్ నిలిపివేసింది. ఇప్పుడు ఎక్కువగా వాడేవి లోహాన్ని ఉంగరంలా చుట్టి బిగించినవి. అయినా కిడ్నీల వడపోత సామర్థ్యం చూపే ఈజీఎఫ్ఆర్ 30కి లోపుంటే డాక్టర్లు మందు ఎంపికలో జాగ్రత్తపడతారు. షుగరు, బీపీ ఉన్నవారిని స్కానుకు ముందు క్రియాటినిన్ రిపోర్టు అడిగేది ఇందుకే. డయాలసిస్ మీద ఉన్నవారికి ఈ స్కాను తప్పనిసరైతే, అది అయిన వెంటనే డయాలసిస్ జరిగేలా వేళ కుదురుస్తారు.