టెలిమార్క్ స్కీలను స్త్రీలు ఎలా ఎంచుకోవాలి?

1884లో నార్వే నుంచి అమెరికాకు వలస వెళ్లిన స్కీయర్ సోండ్రే నోర్‌హైమ్ పేరుతో ముడిపడి, 1970లలో కొలరాడోలోని క్రెస్టెడ్ బ్యూట్‌లో మళ్లీ ఊపిరి పోసుకున్న టెలిమార్క్ పద్ధతిలో, బూటు ముందు భాగం మాత్రమే స్కీకి బిగిసి ఉంటుంది. మలుపులో వెనుక పాదం మడమ పైకి లేచి, బరువు మునివేళ్లపై పడుతుంది. మనిషి బరువుకు వంగనంత గట్టి స్కీ ఆ పాదం కింద మంచును సరిగా పట్టుకోదు కనుక, తేలికైన స్త్రీకి మెత్తగా వంగే స్కీ అనువైనది. అయితే 'మహిళల స్కీ' అనే ముద్రకంటే ఆమె బరువు, ఎత్తు, నైపుణ్యమే నిజమైన కొలమానాలు. రిసార్టులో గట్టిపడిన మంచుపై కొంత బరువైన స్కీ నిలకడనిస్తుంది. లిఫ్టులు లేని కొండల్లో మాత్రం, వెనక్కి జారనివ్వని 'స్కిన్' అనే నూగు పట్టీని స్కీ అడుగున అంటించి నడిచి ఎక్కాలి కాబట్టి, తేలిక స్కీయే మేలు. రెండింటికీ ఒకే జత చాలాలంటే, పాదం కింద సుమారు 90 నుంచి 100 మిల్లీమీటర్ల వెడల్పుతో మధ్యస్థ బరువున్నది తగిన ఎంపిక.