ఐదు ఎంఎల్ అంటే ఎంత?

రాత్రి ఒంటిగంటకు మా చెల్లెలు ఫోన్ చేసింది. చిన్నదానికి ఒళ్లు కాలిపోతోందట. పది నెలల పిల్ల. "అక్కా, డాక్టరుగారు జ్వరానికి ఐదు ఎంఎల్ పట్టమన్నారు, పట్టెయ్యనా?" అంది. ఏ సీసా అని అడిగాను. జ్వరం సిరప్ అంది. ఏ జ్వరం సిరప్పే అంటే కాసేపు మాటలేదు. లైటు వేసి చూస్తే అలమరలో మూడున్నాయి. మూడూ పారాసెటమాలే. ఒకదాని మీద 5 ఎంఎల్‌కు 120 మిల్లీగ్రాములని ఉంది. రెండోదాని మీద 5 ఎంఎల్‌కు 250. మూడోది చుక్కల మందు, ఒక్క ఎంఎల్‌లోనే 100.

డాక్టరు తప్పు చెప్పలేదు. పిల్ల బరువు 8 కిలోలు. పారాసెటమాల్ పిల్లలకు ఒక్కో విడతకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పదిహేను లెక్కన 120. మొదటి సీసాలోంచి అయితే సరిగ్గా 5 ఎంఎల్. దాని అన్న 17 కిలోలుంటాడు. వాడి చీటీలో కూడా 5 ఎంఎల్ అనే ఉంది, కాకపోతే 250 సీసాలోంచి. ఇద్దరికీ అదే అంకె, మందు మాత్రం వేరు. నిద్రమత్తులో చెయ్యి అన్న సీసా మీద పడితే చెల్లికి రెట్టింపు పోతుంది. అదే చుక్కల మందు ఐదు ఎంఎల్ పట్టి ఉంటే 500 మిల్లీగ్రాములు. రోజు మొత్తానికి కిలోకు 60 దాటనివ్వకూడదని సాధారణంగా చెబుతారు. ఆ పిల్లకు అది 480. రోజు హద్దు ఒక్క గుక్కలో దాటిపోయేది.

చంటిపిల్లల చుక్కలు కదా, పలచగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఉన్నది దానికి తలకిందులు. పసినోట్లో ఎక్కువ మందు పోయలేం కాబట్టి తక్కువ ద్రవంలో ఎక్కువ మందు పట్టిస్తారు. 120 సిరప్ కంటే చుక్కల మందు ఎంఎల్‌కు నాలుగు రెట్లు గాఢం. ఈ తికమక వల్లే అమెరికాలో తయారీదారులు 2011లో గాఢమైన చుక్కలను మానేసి, పసిపిల్లలకైనా పెద్దపిల్లలకైనా 5 ఎంఎల్‌కు 160 అనే ఒకే బలానికి మారారు. మన మందుల షాపుల్లో మూడు రకాలూ ఒకే అరలో ఉంటాయి. మన దగ్గర కూడా ఒకే బలం ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అది వచ్చేదాకా, బలం చెప్పకుండా "ఐదు ఎంఎల్" అంటే ఏమీ చెప్పనట్టే. చీటీ మీద పిల్ల బరువు, మందు మిల్లీగ్రాములు, సీసా బలం మూడూ రాయమని డాక్టరును అడగండి. మొహమాటం వద్దు. షాపులో ఆ బలం లేక "ఇదీ అదే మందండీ" అని వేరేది చేతిలో పెడితే, ఎంఎల్ మారుతుందా అని అక్కడే తేల్చుకోండి.

వయసు చాలదా?

వయసు చూసి కొలత కట్టే పద్ధతి పాతదే. పిల్ల వయసుకు పన్నెండు కలిపి, ఆ మొత్తంతో వయసును భాగించి, పెద్దల మోతాదులో అంత వంతు ఇవ్వాలనే యంగ్ సూత్రం ఒకప్పుడు పాఠాల్లో ఉండేది. నాలుగేళ్లవాడికి పావు వంతన్న మాట. కానీ నాలుగేళ్ల పిల్లలు ఇద్దరిని పక్కపక్కన నిలబెడితే ఒకడు 12 కిలోలు, ఇంకొకడు 18 ఉండొచ్చు. ఇద్దరికీ ఒకటే పావు ఎలా సరిపోతుంది?

మనకీ అలవాటు రావడానికి కారణం ఉంది. పోలియో చుక్కలు అందరికీ రెండే. నులిపురుగుల మాత్ర రెండేళ్ల లోపు సగం, దాటితే ఒకటి. వీటిలో కాస్త హెచ్చుతగ్గులను శరీరం తట్టుకుంటుంది కాబట్టి అలా నడుస్తుంది. జ్వరం మందుకూ, మూర్ఛ మందుకూ, యాంటీబయాటిక్‌కూ అదే చాలనుకోవడంలోనే ప్రమాదం ఉంది.

బరువు ఒక్కటీ అన్నీ తేల్చదు కూడా. పురిటిబిడ్డ కాలేయానికి మందులను విరిచి బయటికి పంపే శక్తి ఇంకా పూర్తిగా రాదు. క్లోరాంఫెనికాల్ ఇచ్చిన పసికందులు బూడిదరంగుకు తిరిగి ప్రాణాలు విడవడాన్ని 1959లో అమెరికా వైద్యులు నమోదు చేశారు. అందుకే మొదటి మూడు నెలల్లో జ్వరం వస్తే ఇంట్లో లెక్కలు కట్టొద్దు, నేరుగా ఆసుపత్రికే.

బరువు కూడా తాజాది కావాలి. పుట్టినప్పటి బరువు ఐదో నెలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది. కిందటి టీకా నాటి అంకె ఈరోజుకు పనికిరాకపోవచ్చు. అంగన్‌వాడీలో నెలనెలా తూస్తారు. ఇంట్లో అయితే పిల్లను ఎత్తుకుని తూకం మీద నిలబడి, తర్వాత ఒక్కరే నిలబడి, తేడా తీసుకోండి.

ఇక కొలిచే సాధనం. మన అమ్మమ్మలు గురివింద గింజ ఎత్తు అని మందు తూచేవారు, ఉగ్గుగిన్నెలో రంగరించి పట్టేవారు. గింజ ఎత్తు దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టే దాన్ని ఎంచుకున్నారు. మనం వాడే టీస్పూనుకు ఆ నమ్మకం లేదు. ఒక్కో ఇంట్లో ఒక్కో లోతు. సూదిలేని సిరంజి కొనండి, గీత కంటి ఎత్తున పెట్టి చూడండి. ఒక సీసాతో వచ్చిన డ్రాపర్ ఇంకో సీసాలో ముంచకండి. అర ఎంఎల్‌ను .5 అని రాస్తే చుక్క కనబడక 5 అయిపోతుంది, పది రెట్లు. ముందు సున్నా పెట్టి 0.5 అని రాయాలి. యాంటీబయాటిక్ పొడి సీసాలో గీత దాకా నీళ్లు పోయకపోతే మందు చిక్కబడుతుంది. పట్టే ముందు ప్రతిసారీ కలిపి కుదపకపోతే అడుగున మిగిలిందే చివరి రోజుల పాలవుతుంది.

నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది రెండు సీసాల కలయికకు. జ్వరానికి సిరప్ పట్టారు. ముక్కు కారుతోందని జలుబు సిరప్ కూడా పట్టారు. అందులోనూ పారాసెటమాల్ ఉంటుంది, చిన్న అక్షరాల్లో. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్ఎఫ్రిన్ కలిసిన జలుబు మందులు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని లేబుల్ మీద వేయాలంటూ 2023 డిసెంబర్‌లో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆదేశించారు. ఆ ముక్క చదవకుండానే కొనేస్తున్నాం. జ్వరం తగ్గలేదని రెండు గంటలకే మళ్లీ పట్టడం ఇంకొకటి. విడతకూ విడతకూ మధ్య కనీసం నాలుగు గంటలుండాలి. రాత్రంతా ఒకరి తర్వాత ఒకరు లేచే ఇళ్లలో, అమ్మ పట్టిందని నాన్నకు తెలియదు. పట్టిన టైము సీసా మీదే కాగితం అంటించి రాయండి.

మోతాదు మించిందని అనుమానం వస్తే, పిల్ల బాగానే ఆడుతోంది కదా అని ఊరుకోకండి. పారాసెటమాల్ కాలేయాన్ని దెబ్బతీసిన సంగతి ఒక రోజు దాటాక గాని బయటపడదు. విరుగుడు ఉంది, ఎసిటైల్‌సిస్టీన్. ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. వాంతి చేయించే ప్రయత్నాలు చేయొద్దు. ఆ రాత్రే బయల్దేరండి. ఆసుపత్రిలో అడిగేవి ఇవే: బరువెంత, ఎన్ని ఎంఎల్ పట్టారు, ఎప్పుడు పట్టారు, ఏ సీసా? చివరి ప్రశ్నకు నోటితో జవాబు చెప్పకండి. సీసానే పట్టుకెళ్లి చూపించండి.