బొగ్గు లేని కొలిమి

వానకాలమున చూరులో మరచిన కొడవలికి పట్టిన తుప్పును, గనిలో దొరకు ఇనుపరాయియు రసాయనదృష్టికి దగ్గరి చుట్టములే. రెండింటియందును ఇనుము ప్రాణవాయువుతో పెనవేసికొని యుండును. ఆ ముడి విప్పుటయే ఇనుము తీయు విద్య. ఉక్కునకు పేరొందిన మన కోనసముద్రము కమ్మరుల కాలమున ఆ పని కట్టెబొగ్గు చేసెను. 1709లో ఇంగ్లండునందు అబ్రహాం డార్బీ దానికి మారుగా నేలబొగ్గును కాల్చి చేసిన కోక్ వాడి చూపిన పిమ్మట ఆ పని క్రమముగా నేలబొగ్గు పాలయ్యెను.

బ్లాస్ట్ ఫర్నేసులో కోక్ ఒంటిచేత మూడు పనులు చక్కబెట్టును: వేడి నిచ్చును, మీద పేరుకొన్న ఖనిజపు బరువును మోయును, కార్బన్ మోనాక్సైడుగా మారి ఖనిజములోని ప్రాణవాయువును లాగికొని, మన పెద్దలు బొగ్గుపులుసు గాలి యనిన కార్బన్ డయాక్సైడై వెలువడును. వేడిని పొదుపు చేయవచ్చును. విశాఖ ఉక్కు కర్మాగారమున నిప్పులవలె నున్న కోక్‌ను నీటితో ఆర్పక, నైట్రోజనుతో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి పుట్టించి విద్యుత్తు తీయుట మెచ్చదగిన పనియే. కాని ప్రాణవాయువును లాగు పని పొదుపునకు లొంగదు. లాగునది బొగ్గైనంతకాలము బొగ్గుపులుసు గాలి తప్పదు. లోకమున మానవులు వెలువరించు ఆ వాయువులో సుమారు నూటికి ఏడుపాళ్లు ఉక్కు పరిశ్రమదే.

కనుక మార్చవలసినది కొలిమిని మాత్రమే కాదు, లాగువానిని కూడ. స్వీడనులోని లూలియో పట్టణమున గనుల సంస్థ ఎల్‌కేఏబీ, ఉక్కు సంస్థ ఎస్‌ఎస్‌ఏబీ, విద్యుత్ సంస్థ వాటెన్‌ఫాల్ కలిసి 2020లో నడపనారంభించిన హైబ్రిట్ ప్రయోగాత్మక కర్మాగారమున ఆ పని హైడ్రోజన్ చేయుచున్నది. గోలీకాయంత ఖనిజపు ఉండ కరగకయే, వేడి హైడ్రోజనులో తన ప్రాణవాయువును నీటియావిరిగా విడిచి, రూపు చెడకుండ, లోన వేవేల రంధ్రములతో, మునుపటి బరువులో నూటికి ముప్పదిపాళ్లకు చేరువగా కోల్పోయి బయటికి వచ్చును. దానిని స్పాంజ్ ఐరన్ అనుట అందుకే. పిదప విద్యుత్ కొలిమిలో కరగించి, కావలసిన కొద్దిపాటి కర్బనము చేర్చినచో ఉక్కగును.

స్పాంజ్ ఐరన్ మనకు క్రొత్త కాదు. పాల్వంచ కర్మాగారము దానిని బొగ్గుతోనే చేసెను. పేరును బట్టి మురిసిపోరాదు, వాడిన వాయువేదో అడుగవలెను. అది హైడ్రోజనే యైనచో, ఆ హైడ్రోజన్ ఎక్కడిదని మరల అడుగవలెను. టన్ను ఇనుమునకు లెక్కప్రకారము సుమారు 54 కిలోల హైడ్రోజన్ కావలెను. నీటిని విడగొట్టి దానిని తీయుటకు రెండున్నర వేల యూనిట్లకు పైగా విద్యుత్తు కావలెను. పైగా కార్బన్ మోనాక్సైడువలె హైడ్రోజన్ ఆ చర్యలో వేడి పుట్టింపదు. తానే వేడి నడుగును. ఆ విద్యుత్తు బొగ్గునుండియే వచ్చినచో, పొగ ఉక్కు కర్మాగారపు గొట్టమునుండి విద్యుత్కేంద్రపు గొట్టమునకు మారుటయే ఫలము.

లూలియోకు లూలే నదిమీది జలవిద్యుత్తు అండ యున్నది. అయినను విద్యుత్తు చౌకయైన వేళ తీసిన హైడ్రోజనును కరవు వేళకు దాచుటకై, అచ్చట నేలకు ముప్పది మీటర్ల లోతున రాతిని తొలిచి, ఉక్కురేకు తొడిగి, 100 ఘనమీటర్ల గుహ నొకదానిని 2022లో సిద్ధపరచిరి. నిండుగా నడచు కర్మాగారమునకు దానికి వేయిరెట్ల గుహ కావలెను.