తప్పుడు తూకం

రాయపూర్ నుండి సంబల్‌పూర్ వెళ్ళే జాతీయ రహదారిపై, మహానదికి చేరువలో ఆరంగ్ పట్టణమున్నది. భాండ్ దేవల్ అనే ప్రాచీన జైనాలయానికి అది ప్రసిద్ధి. మోర్‌ధ్వజ్ మహారాజు గాథ జరిగినది ఇక్కడేనని స్థానికుల విశ్వాసం. అతిథికిచ్చిన మాట నిలుపుకొనడానికి రాజు, రాణి చెరొకవైపు రంపం పట్టి కన్నకొడుకునే కోయబూనారట. హిందీలో 'ఆరా' అంటే రంపం. ఊరి పేరు దానినుండే వచ్చిందంటారు. త్యాగంలో స్త్రీకి సమభాగమిచ్చిన లోకం, బుద్ధిలో సమభాగమిచ్చుటకు మాత్రం చాలాకాలం వెనుకాడింది.

ఛత్తీస్‌గఢ్ పల్లెలలో బిడ్డకు జబ్బు చేసినా, పశువు చచ్చినా, దిక్కులేని స్త్రీని 'టోనహీ' అని నిందించి హింసించిన ఉదంతాలున్నాయి. మన తెలుగునాట చేతబడి, బాణామతి నిందల వంటిదే ఇది. దీనిని అరికట్టడానికి రాష్ట్ర ప్రభుత్వం 2005లో ప్రత్యేక చట్టం తెచ్చింది. ఒకరిని టోనహీ అని ముద్రవేస్తే 3 సంవత్సరాల వరకు, ఆ పేరుతో హింసిస్తే 5 సంవత్సరాల వరకు కఠిన కారాగారశిక్ష విధించవచ్చు.

'చదువులేనివారి అజ్ఞానం' అని మనం తేలికగా అనుకుంటాము. కాని విద్యాలయాలలో, త్రాసులు చేతబట్టిన పండితులు చేసినదేమిటి?

19వ శతాబ్దంలో పారిస్‌కు చెందిన పాల్ బ్రోకా అనే వైద్యుడు 292 మంది పురుషుల, 140 మంది స్త్రీల మెదళ్ళ తూకాల సగటు కట్టాడు. పురుషులకు 1,325 గ్రాములు, స్త్రీలకు 1,144 గ్రాములు. వ్యత్యాసం 181 గ్రాములు. స్త్రీకి తెలివి తక్కువనడానికి ఇదే సాక్ష్యమన్నారు. తూకంలో అబద్ధం లేదు. దోషమంతా పోలికలో ఉన్నది. ఆ స్త్రీలు పొట్టివారు, వయసు మీరినవారు. దేహం చిన్నదైతే మెదడూ చిన్నదే. వృద్ధాప్యంలో అది మరింత తగ్గుతుంది. స్టీఫెన్ జే గౌల్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎత్తును, వయసును లెక్కలోనికి తీసుకొనగా వ్యత్యాసం 113 గ్రాములకు దిగింది. అయినా బరువే బుద్ధికి కొలత అయితే, ఏనుగు మనకు గురువు కావలసినదే!

1873లో బోస్టన్ వైద్యుడు ఎడ్వర్డ్ క్లార్క్, ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా చదివితే శరీరశక్తి మెదడుకు మళ్ళి గర్భాశయం చెడుతుందని వ్రాశాడు. ఆయన ఆధారం కొద్దిమంది రోగుల కథలు మాత్రమే. డాక్టర్ మేరీ పట్నమ్ జాకోబీ అనేకమంది స్త్రీలను విచారించి, నాడిని, బలాన్ని కొలిచి, బహిష్టు కాలంలో పని మానవలసిన అవసరం సాధారణంగా లేదని నిరూపించింది. ఆ వ్యాసానికి 1876లో హార్వర్డ్ వారి బహుమతి లభించింది. శాస్త్రం చేసిన తప్పును శాస్త్రమే దిద్దినది.

మన ఇళ్ళలోనూ ఇటువంటి తీర్పులు లేకపోలేదు. 'ఆడపిల్లలనే కన్నది' అని కోడలిని నిందించే అత్తగారు నేటికీ కనిపిస్తుంది. శిశువు ఆడో మగో నిర్ణయించేది తండ్రి బీజకణమని 1905 నాటి నెట్టీ స్టీవెన్స్ పరిశోధనలే దారి చూపాయి. ఆమె కూడా స్త్రీయే.

మన పరిశ్రమల సంగతికి వస్తే, 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భ పనులకు దూరంగా ఉంచింది. 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆ నిబంధన సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ విధులలో పగటివేళ గని లోపలికి వారిని అనుమతించింది. 67 సంవత్సరాలు మూసియున్న ద్వారమది! మన తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత చిన్నవయసులోనే వితంతువై, ఒక బిడ్డకు తల్లియై కూడా, 1940లలోనే గిండీ కళాశాలలో విద్యుత్ ఇంజనీరింగ్ చదివింది. ఆమె మెదడును ఎవరూ తూచలేదు. పరీక్ష మాత్రమే పెట్టారు.

'ఇది ఆడవారికి చేతకాదు' అని ఎవరైనా శాస్త్రం పేరు చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు అడుగుదాం: ఎవరిని కొలిచారు? దేనితో పోల్చారు? కొలవకముందే తీర్పు వ్రాసుకున్నారా? మన క్వార్టర్స్‌లో రేపటి కోర్సు ఎంచుకుంటున్న ఆడపిల్ల భవిష్యత్తు ఈ ప్రశ్నలపైనే ఆధారపడియున్నది.